మా చిల్లరకి ఆటపలక: నలభై రెండు రోజుల లెక్క

ముందే చెప్పేస్తాను. అయిదు చుక్కలకి మూడు ఇస్తున్నాను. అందులో, పిల్లి తన తిండిని తనే వెతికి తీసుకునేలా చేసే ఈ పలకకి పడింది ఒకటిన్నరే. మిగతా ఒకటిన్నర, ఆ పలక వంకన మా ఇంట్లో మొదలైన ఇంకో పనికి. కొనమని చెప్పను, వద్దనీ చెప్పను. ఏ పిల్లికి పనికొస్తుందో, ఏ పిల్లికి దండగో మాత్రం చెప్పగలను. నలభై రెండు రోజులు రోజూ రాసుకున్న లెక్క నా దగ్గరుంది.

ముప్పై మూడేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చున్నవాణ్ణి. రిటైరయ్యాక కూడా పుస్తకంలో ఎక్కితే గాని ఏదీ జరిగినట్టు అనిపించదు. పాలవాడి లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ, ట్యాంకరు వచ్చిన రోజు, అన్నీ ఉంటాయి. ఇప్పుడు పిల్లి ఖాతా కూడా తెరిచాను.

పిల్లి పేరు చిల్లర. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు మాది. మూడేళ్ళ కిందట వానాకాలంలో అపార్ట్‌మెంటు జనరేటరు గదిలో దొరికింది, అరచేతిలో పట్టేంత. నలుపు, తెలుపు, నారింజ కలిసిన ఒళ్ళు. పాత పైసలూ కొత్త రూపాయలూ ఒకే సంచిలోంచి బల్లమీద పోసినట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు. ఇలాంటి మూడురంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, నలుపూ నారింజా రెండూ ఒకే ఒంటిమీద కనబడాలంటే రెండు ఎక్స్‌లు ఉండాలి. ఈ సంగతి మా ఆవిడకి చెప్తే, "అయితే నేనూ, అమ్మాయీ, ఇదీ. ముగ్గురం అయ్యాం. మీరు జాగర్త" అంది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, దీనికి పని లేదు. ఆపరేషన్ చేయించాం, బయటికి వదలం, గిన్నె నిండా తిండి. తినడం, పడుకోవడం. తెల్లారగట్ల నాలుగింటికి లేచి మాత్రం వంటింటి గట్టు మీంచి స్టీలు గ్లాసు తోసేది. అది కింద పడ్డాక తొంగి చూసి, రెండోదాని దగ్గరికి వెళ్ళేది. బరువు చూస్తే అయిదు కిలోల రెండొందలు. పశువుల డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "తిండి కొలిచి పెట్టండి. దాంతోపాటు తిండికోసం కాస్త పని చేయించండి. బయట బతికే పిల్లి రోజుకి ఎనిమిదో పదో చిన్న వేటలు చేస్తుంది. మీది గిన్నె దాకా నడుస్తోంది, అంతే" అన్నారు. ఆ మాట బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో చెప్పడం నా తప్పు. నాలుగో రోజుకి పెట్టె వచ్చింది. 1,649 రూపాయలు.

ఇక వస్తువు సంగతి. తెల్లటి గట్టి ప్లాస్టిక్ పలక. అడ్డం అడుగున్నర, నిలువు అడుగు, నా స్కేలుతో కొలిచాను. దానిమీద అయిదు రకాల ఏర్పాట్లు. ఒక మూల వేలెడు పొడుగు గుంజలు దగ్గర దగ్గరగా, వాటి సందుల్లో పిల్లి తిండి గింజలు వేస్తే పంజాతో లాక్కోవాలి. పక్కన నాలుగు గుండ్రటి గిన్నెలు, లోతైనవి, మూతి పెట్టి తినడానికి వీల్లేదు, చెయ్యి పెట్టి తీసుకోవాలి. మధ్యలో పాములా వంకర్లు తిరిగిన సందు. ఇంకో వైపు పక్కకి జరిపే మూతలు మూడు. చివర, బయటికి లాగే రెండు చిన్న సొరుగులు. పెట్టెలో వీటితోపాటు ఒక టిక్కుమనే మీట, ఒక చిన్న గుడ్డసంచిలో ఏదో ఎండుటాకు. వాడే పద్ధతి చెప్పే కాయితం మీద బొమ్మలే గాని మాటల్లేవు. బొమ్మలో పిల్లి నవ్వుతోంది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో పోసిన పలక నాలుగు పేర్లతో నాలుగు ధరలకి అమ్మకానికి ఉంది, నేనే చూశాను. ఏ పేరుతో కొన్నా మీ చేతికొచ్చేది ఇదే.

లోపాలు ముందు కానిచ్చేస్తాను. పలక అడుగున రబ్బరు బొడిపెలు నాలుగున్నాయి, మా ఇంటి నున్నటి టైల్స్ మీద అవి ఆగలేదు. పిల్లి సొరుగు లాగితే పలకంతా దానితోపాటే వచ్చింది. పాత గోనెసంచి మడిచి కింద వేస్తే గాని కుదురుకోలేదు. రెండు సొరుగుల్లో ఒకటి తొమ్మిదో రోజున పట్టు విరిగిపోయింది. అమ్మినవాళ్ళకి ఫొటో పంపితే "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అని జవాబు. వాడకుండా విరగడం ఎలాగో నాకు తెలియలేదు. అన్నిటికంటే పెద్దది, కడగడం. వంకర సందులో తడి తిండి వేశామా, మర్నాటికి చీమలు బారులు. పళ్ళు తోముకునే పాత బ్రష్ పెట్టి తోమితేనే పోతుంది. అందుకని పొడి గింజలు తప్ప దీన్లో మరేమీ వెయ్యకండి.

మొదటి రోజు నేను చేసిన తప్పు వేరే. ఉత్సాహం కొద్దీ అయిదు చోట్లా గింజలు పోసి, మూతలన్నీ మూసి, పిల్లిని ఎత్తుకెళ్ళి పలక ముందు కుదేశాను. వాసన చూసింది. మూత మీద చెయ్యి వేసింది. ఆ మూత గాడిలోంచి టప్పున జారింది. చిల్లర గాల్లోకి ఎగిరి, మంచం కిందకి పోయి, సాయంత్రం దాకా రాలేదు. తర్వాత నాలుగు రోజులు ఆ మూల వైపే నడవలేదు. తెనాలి రామలింగడు కాగే పాలు పెట్టి పిల్లిని పాలంటేనే పారిపోయేలా చేశాడని చిన్నప్పుడు చెప్పుకుని నవ్వుకున్నాం. ఒక్క దెబ్బకే నేర్చుకుంటుందన్న మాట కథలో ఎంత నిజమో ఇంట్లోనూ అంతే నిజం. మంచి నేర్పడానికి నలభై రోజులు కావాలి, భయం నేర్పడానికి ఒక్క టప్పుమనే చప్పుడు చాలు.

అయిదో రోజున మళ్ళీ మొదలుపెట్టాను. మూతలన్నీ తీసి పక్కన పెట్టేశాను. గుంజల మధ్య ఏడు గింజలు, అంతే. మిగతా తిండి మామూలు గిన్నెలోనే. ఇక్కడ ఒక జాగ్రత్త. "ఆకలేస్తే అదే నేర్చుకుంటుంది" అని తిండి మానిపించకండి. ఒళ్ళు చేసిన పిల్లి ఒకటి రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

గుంజల దగ్గర మూడు రోజుల్లో ఆరితేరింది. గిన్నెలు నచ్చాయి, ఇప్పటికీ దానికి అన్నిటికంటే అవే ఇష్టం. చెయ్యి లోపలికి దించి, గరిటెతో తీసినట్టు తీసి, పంజా నాకుతుంది. గింజ ముక్కు కిందికి రాగానే పిల్లికి సరిగ్గా కనబడదట, దగ్గరి చూపు దానికి అంత బాగోదు, మీసాలతోనూ వాసనతోనూ వెతుక్కుంటుంది. గిన్నెలు లోతుగా ఉన్నా ఇరుకుగా లేకపోవడం అందుకే మేలు చేసిందనుకుంటాను. వంకర సందు మాత్రం దానికి చిరాకు. రెండు గింజలు తీసి మూడోదాన్ని వదిలేసి నా మొహం చూస్తుంది.

జరిపే మూత లెక్క ఇదీ, పుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నాను. ఒక్క మూత, కింద ఒక్క గింజ, చప్పుడు రాకుండా గాడికి కాస్త కొబ్బరినూనె రాశాను. మొదటి రోజు 3 నిమిషాల 40 సెకన్లు. తర్వాత 3.05. 2.50. మళ్ళీ 3.10 (ఆ రోజు కింద పెళ్ళి బాజాలు). 2.10. 1.15. 0.40. పదకొండో రోజుకి 12 సెకన్లు. ఏ రోజూ "ఓహో, ఇదా సంగతి" అని తట్టినట్టు ఒక్కసారిగా పడిపోలేదు. మెట్లు దిగినట్టు దిగింది.

ఈ అంకెలు అమ్మాయికి పంపితే, "నాన్నా, ఇది ఒకాయన ఎప్పుడో చేసేశాడు" అంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అట, అమెరికావాడు. 1898లో ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్కల పెట్టెల్లో పెట్టి, బయట చేపముక్క ఉంచి, తాడు లాగో మీట నొక్కో తలుపు తెరుచుకునే ఏర్పాటు చేసి, ఎన్ని సెకన్లకి బయటపడుతోందో రాసుకున్నాడు. ఆయన గీతలు కూడా మెల్లగానే దిగాయి. పిల్లి ఆలోచించి కనిపెట్టడం లేదు, ఏదేదో చేస్తూ ఫలితం ఇచ్చిన పనిని నిలుపుకుంటోంది, ఇవ్వనిదాన్ని వదిలేస్తోంది అన్నాడు. నూట పాతికేళ్ళ తర్వాత ఎంవీపీ కాలనీలో ఒక క్యాషియర్ గడియారం పట్టుకుని ఆయన లెక్కే తిరిగి రాశాడన్నమాట. కాస్త గర్వం, కాస్త సిగ్గు.

అసలు పిల్లికి ఇలాంటి పరీక్ష మన ఇళ్ళకి కొత్తా? విజయనగరం దగ్గర మా నాయనమ్మ ఇంట్లో దూలానికి ఉట్టి వేలాడేది. పిల్లి శాపాలకి ఉట్లు తెగవని సామెతైతే ఉంది గాని, ఆ ఇంటి పిల్లి శాపాలు పెడుతూ కూర్చోలేదు. బియ్యం బస్తాల మీద నుంచి గోడ గూట్లోకి, గూట్లోంచి ఉట్టి మీదికి దూకి, మూకుడు పక్కకి తోసి వెన్న తిన్నది. ఆ ఏర్పాటుకి 1,649 రూపాయలు ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు మిగతా ఒకటిన్నర చుక్కల సంగతి. పెట్టెలో వచ్చిన టిక్కు మీట. దాని చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను, మూత టప్పుమన్నాక పిల్లి దగ్గర దాన్ని తియ్యడానికి ధైర్యం చాలలేదు. జేబులో నొక్కే పెన్ను ఉంది. అదీ టిక్కుమంటుంది, మెత్తగా. అదే వాడాను, ఇప్పటికీ అదే.

పద్ధతి చెప్తాను, ఇందులో రహస్యమేం లేదు. ముందు పిల్లికి ఏ పనీ చెప్పకూడదు. టిక్, వెంటనే తినడానికి ఒక ముక్క. టిక్, ముక్క. పది సార్లు. అలా రెండు రోజులు చేశాక టిక్కు వినబడగానే చెవులు ఇటు తిప్పుతుంది. అంటే ఆ చప్పుడు దానికి రసీదు అయింది. సొమ్ము వెనక వస్తుందని నమ్మకం కుదిరింది. అప్పట్నించి మీకు కావలసిన పని పిల్లి చేసిన క్షణానే టిక్కుమనిపించాలి. ముక్క అందడం ఒక సెకను ఆలస్యమైనా పర్లేదు, టిక్కు మాత్రం ఆలస్యం కాకూడదు. కూర్చున్నందుకు నొక్కాలనుకుని, లేచాక నొక్కితే, లేచినందుకు జీతం ఇచ్చినట్టు. నేను ఆ తప్పు రోజుకి అయిదారుసార్లు చేశాను. హవాయిలో డాల్ఫిన్లకి ఆటలు నేర్పిన కారెన్ ప్రయర్ 1960లలో ఈలతో చేసింది ఇదే పని. డాల్ఫిన్‌ని మెడ పట్టుకుని కూర్చోబెట్టలేం కదా. పిల్లిని కూడా కూర్చోబెట్టలేమని పెంచినవాళ్ళందరికీ తెలుసు.

ముక్క ఏమిటన్నదాని మీద వారం పోయింది. మా ఆవిడ లడ్డూ తునక పెట్టింది. చిల్లర వాసన చూసి, దాని చుట్టూ నేల గీరి, మట్టి కప్పేసినట్టు చేసి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, పిల్లికి తీపి అనే రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేల్చారు. అది అవమానం కాదని మా ఆవిడకి చెప్పాను. నమ్మలేదు. ఆఖరికి కుదిరింది ఎండు నెత్తళ్ళు. హార్బరు దగ్గర ఉప్పు వెయ్యకుండా ఎండబెట్టినవి అడిగి తెచ్చాను. ఉప్పు చేప పిల్లికి మంచిది కాదు. తలలు తీసి, వేడినీళ్ళలో ఒక ఉడుకు రానిచ్చి, ఎండలో ఆరబెట్టి, ఒక్కో చేపని నాలుగు తునకలు చేశాను. రోజుకి పన్నెండు తునకలు, అంతకంటే లేదు. ఇలాంటి చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. డబ్బా తెరిస్తే పక్కింటికి కూడా తెలుస్తుంది. ఆ ఇబ్బంది మీరు పడగలరో లేదో చూసుకోండి.

మొదటి పాఠం: పెన్ను కొనని ముక్కుతో తాకడం. పిల్లి ముక్కు ముందు ఏది పెట్టినా వాసన చూస్తుంది, అది దాని స్వభావం. తాకగానే టిక్. రెండో రోజుకి పెన్ను ఎటు పోతే పిల్లి అటు. పెన్ను పైకెత్తితే తల పైకి, తల పైకి వెళ్తే వెనక భాగం దానంతట అదే కిందికి, కూర్చుంటుంది. టిక్. పదహారో రోజున చెయ్యి కలిపింది. నా అరచేతి మీద పంజా పెట్టి, గోళ్ళు లోపలికి ముడుచుకుని, నా కళ్ళలోకి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట మా అమ్మాయి మొదటిసారి నమస్కారం పెట్టినప్పుడు కూడా ఇంత మందికి ఫోన్లు చెయ్యలేదు.

ఒక్కో పాఠం మూడు నిమిషాలు, అది తినే వేళకి ముందు. నాలుగో నిమిషానికి తోక కొన కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఆపెయ్యాలి. తిట్టడం, ముక్కు మీద కొట్టడం, నీళ్ళు చల్లడం, ఇవన్నీ రామలింగడి పాలే. ఒక్కటి చేశారా, పలకా పెన్నూ మీరూ అన్నీ కలిపి ఒకే ఖాతాలో రాసుకుంటుంది.

ఇంత తతంగం దేనికంటే, పిల్లిని పెట్టి మోసుకెళ్ళే బుట్ట కోసం. ఇది రాయాలనే అసలు కూర్చున్నాను. ఏటా టీకాలకి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కిందటేడు ఎలా జరిగిందో చెప్తాను. నేను తువ్వాలు పట్టుకున్నాను, మా ఆవిడ బాత్రూం తలుపు మూసింది, వాచ్‌మన్ బుట్ట పట్టుకున్నాడు. నలభై నిమిషాలు. నా మోచేతి మీద మూడు గీతలు, వాచ్‌మన్ చొక్కా చిరుగు (అది నేను కొనిచ్చాను, 450), పిల్లి బుట్టలోనే పోసుకుంది. ఆటోలో దారంతా అరుపు. ఇంటికొచ్చాక రెండు రోజులు నన్ను చూసి మంచం కిందికి.

ఈసారి పెన్ను ఉంది. బుట్ట పైకప్పు తీసేసి, అడుగు భాగం ఒక్కటే హాల్లో పెట్టాను, అందులో నా పాత లుంగీ పరిచి. వారం రోజులు దాని జోలికే పోలేదు. తర్వాత పెన్ను అంచు దాకా. టిక్. ముందు కాళ్ళు లోపల. టిక్. నాలుగు కాళ్ళూ లోపల, ఆ రోజు మూడు తునకలు ఒకేసారి, బోనస్. తర్వాత పైకప్పు బిగించాను. ఒక మెట్టు వెనక్కి పోయింది, మళ్ళీ రెండు కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. తలుపు ఒక సెకను మూసి తియ్యడం, అయిదు సెకన్లు, అర నిమిషం. బుట్ట ఎత్తి దించడం. బుట్టతో లిఫ్టు దాకా నడిచి రావడం. ముప్పై ఎనిమిదో రోజున టీకా. "బుట్ట" అన్నాను, పెన్ను చూపించాను. నడిచి వెళ్ళి కూర్చుంది. తలుపు వేశాను. పదకొండు సెకన్లు. ఆటోలో రెండుసార్లు మాత్రం అరిచింది. ఇంటికొచ్చి తలుపు తీస్తే, బయటికొచ్చి మంచం కిందికి పోలేదు. డబ్బా దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

వాచ్‌మన్ ఆ రోజు కొత్త చొక్కా వేసుకోకుండా వచ్చాడు, ముందుజాగ్రత్తగా.

పలక పిల్లి తెలివి పెంచుతుందని పెట్టె మీద రాసి ఉంది. నేను అలా చెప్పను. ఉన్న తెలివికి పని పెడుతుంది, అంతే. ఆ మాటకొస్తే పిల్లులు పని అంటే ఎగిరి గంతేసే రకం కూడా కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ళు 2021లో ప్రచురించిన పరిశోధనలో 17 ఇంటి పిల్లులకి ఒక పళ్ళెంలో ఊరికే తిండి, పక్కనే కష్టపడి తీసుకునే పలకలో తిండి పెట్టి చూశారు. చాలా వరకు పళ్ళెంలోదే తిన్నాయి. ఎలుకలూ పావురాలూ ఇలాంటి చోట కష్టపడి తినడానికే తరచుగా ఇష్టపడతాయట. పిల్లి మాత్రం పెన్షనర్ మనస్తత్వం. మా ఇంట్లోనూ పరీక్షించాను. గిన్నె, పలక పక్కపక్కన. గిన్నె ఖాళీ అయ్యాకే పలక వైపు తిరిగింది. తిరిగింది కదా, అదీ లెక్కలోకి తీసుకున్నాను. ఇప్పుడు పొద్దున్న గిన్నె లేదు, పలకలోనే పదిహేను గ్రాములు. సాయంత్రం కూడా అలాగే. పడుకునే ముందు మాత్రం గిన్నె, అదీ కొలిచి.

బరువు నలభై రెండు రోజుల తర్వాత నాలుగు కిలోల తొమ్మిది వందలు. మూడు వందల గ్రాములు తగ్గింది. అది పలక పుణ్యమా, కొలిచి పెట్టడం పుణ్యమా అంటే, కొలిచి పెట్టడమే అంటాను. పలక చేసిన మేలు ఏమిటంటే, నిమిషంలో మింగేసే తిండి ఇప్పుడు పన్నెండు నిమిషాలు పడుతోంది, తిన్నది కక్కడం ఆగింది. నాలుగింటి స్టీలు గ్లాసు కూడా ఆగింది, అయితే దానికి కారణం రాత్రి పడుకోబోయే ముందు కర్రకి కట్టిన కోడి ఈకతో పది నిమిషాలు పరిగెత్తించి, తర్వాత తిండి పెట్టడం. వేట, తిండి, నాకుడు, నిద్ర. వరస అదే.

ఈక చివర దారం ఉంటుంది, ఆట అవగానే బీరువాలో పెట్టెయ్యండి. దారం మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది, కొయ్యాల్సి వస్తుంది. ఎర్ర లైటు చుక్కతో ఆడించమని అమ్మాయి పంపింది గాని, ఎంత పట్టినా చేతికి ఏమీ దొరకని ఆట అది. వడ్డీ రాని డిపాజిట్. ఆ లైటు ఇప్పుడు కరెంటు పోయినప్పుడు వాడుతున్నాను, దానికీ పనికిరావడం లేదు.

గుడ్డసంచిలో వచ్చిన ఆకు, క్యాట్‌నిప్ అంటారు. చిల్లర దాని మీద పడుకుంది, అంతే. అది అన్ని పిల్లులకీ ఎక్కదు, పుట్టుకతో వచ్చే గుణమట. కాని బాల్కనీలో తులసి కుండీ పక్కన కుప్పింటాకు మొక్క మొలిస్తే పీకి పడేశాను ఒక రోజు, వేరుతో సహా. ఆ వేరు దగ్గర చిల్లర చేసిన ఆగడం ఇంతవరకూ చూడలేదు. చెంపలు రుద్దింది, వెల్లకిలా పడింది, చొంగ కార్చింది, పది నిమిషాలకి లేచి ఏమీ జరగనట్టు కిటికీలో కూర్చుంది. కుప్పింట వేరుకి పిల్లులు ఇలా తూలుతాయని మా ఊళ్ళో తెలిసినవాళ్ళకి తెలుసు, నేనే మర్చిపోయాను. తిననివ్వకుండా వాసన వరకే చూపించి తీసేశాను. పెట్టెలోని సంచికి ఎంత వేశారో గాని, ఇది ఊరికే మొలిచింది.

ఎవరు కొనాలంటే: పిల్లి గబగబా మింగి కక్కుతుందా, రోజంతా ఇంట్లో ఒక్కతే ఉంటుందా, పొడి గింజలు తింటుందా, అయితే కొనండి. ఎనిమిది వందలు దాటి పెట్టకండి, ఆ ధరకి దొరికే రోజులు ఉంటాయి. తడి తిండే తినే పిల్లికి దండగ. ముసలి పిల్లికి సొరుగులు లాగడం కష్టం, గిన్నెల వరకే. కొనేముందు వారం రోజులు గుడ్ల అట్ట వాడి చూడండి. కిరాణాకొట్లో ఊరికే ఇస్తాడు, గుంటకో గింజ వెయ్యండి, పైన కాయితం ఉండలు మూతలుగా పెట్టండి. దానిమీద ఆసక్తి చూపని పిల్లి పలక మీదా చూపదు. మా చిల్లర రెండూ చేసింది, గుడ్ల అట్టని తర్వాత చింపి పోగులు పెట్టింది కూడా. పలకకి ఆ సదుపాయం లేదు.

మా ఆవిడ ఈ నలభై రెండు రోజుల్లో ఒక్కసారి కూడా పెన్ను ముట్టుకోలేదు. "మీకేటైనా పనుందా" అనే అంది. కాని మొన్న వంటింట్లోంచి "చిల్లరా" అని పిలవడం విన్నాను. తమ పేరు పిల్లులు పోల్చుకుంటాయని జపాన్‌లో అత్సుకో సైతో అనే ఆవిడా తోటివారూ 2019లో ప్రచురించారు; పోల్చుకోవడం వేరు, రావడం వేరు. నేను పిలిస్తే చిల్లర చెవి ఒకటి తిప్పి ఊరుకుంటుంది. ఆవిడ పిలిస్తే మాత్రం లేచి వెళ్ళింది. వెనకే వెళ్ళి చూశాను. ఆవిడ చేతిలో వేయించని చేపముక్క, ఇంకో చేత్తో గరిటె. గరిటెతో గిన్నె అంచు మీద ఒక్కసారి టక్ అనిపించి ముక్క వేసింది. ఎన్నాళ్ళుగా జరుగుతోందో ఇది నా పుస్తకంలో లేదు.

పై అంతస్తు మాస్టారికి ఒక గండుపిల్లి ఉంది, ఆరు కిలోలు పైనే. పలక గురించి నేను లిఫ్టులో చెప్పిన సోదంతా విని, ఒక్కరోజు అరువియ్యమన్నారు. గోనెసంచితో సహా పట్టుకెళ్ళి, అయిదు చోట్లా గింజలు వేసి, మూతలు మూసి, గడియారం పట్టుకుని నించున్నాను. ఆ పిల్లి పలక చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అంచు కింద పంజా పెట్టింది. ఎత్తి బోర్లా తిప్పేసింది. గింజలన్నీ నేల మీద.

ఎనిమిది సెకన్లు. రాసుకున్నాను.